నేరేడు చెట్టుకు మొలిచిన చెవి

నా చిన్నప్పుడు మేము హైదరాబాదు పాతబస్తీలో, జహనుమాలో అద్దెకుండేవాళ్ళం. రెండిళ్ళకు కలిపి ఒకటే వాకిలి, ఒకటే నల్లా, ఒకటే నేరేడు చెట్టు. ఒక ఇంట్లో మేము. రెండో ఇంట్లో మేము ఆపా, అంటే అక్క, అని పిలిచే ఒకామె, ఆమె ముసలి తల్లి. ఇల్లుగలాయన ఎక్కడో ఉండేవాడు. ఎప్పుడైనా వస్తే, గోడ నెర్రెలిచ్చిందని చెప్పినా, కప్పు కురుస్తుందని చెప్పినా "చూద్దాం" అనేసి వెళ్ళిపోయేవాడు. కాబట్టి ఆ వాకిట్లో చిన్నదైనా పెద్దదైనా తేల్చి చెప్పే మనిషి మా తాతే. నల్లా దగ్గర లొల్లి అయితే తీర్చేది ఆయనే, వానాకాలం ముందు పెంకులు సర్దించేది ఆయనే. చెట్టు సంగతి కూడా ఆయన మాట మీదే తేలిపోయింది. అది తేలిన తీరు తలుచుకుంటే ఇన్నేళ్ళ తర్వాత కూడా నాకు మనసంతా అదోలా అయిపోతుంది.

మా తాత రైల్వేలో గ్యాంగు మేస్త్రీగా చేసి రిటైరయ్యాడు. ఆ రోజుల్లో పట్టాల కింద స్లీపర్లు కట్టెవే ఉండేవి. సుత్తె భుజాన వేసుకుని, పొద్దున్నే పట్టాల వెంట నడుస్తూ, ఒక్కో స్లీపరునూ కొట్టి చప్పుడు వినడం ఆయన పని. గట్టి కట్టె 'ఠంగు'మంటుంది, పుచ్చిన కట్టె 'దబ్బు'మంటుంది. పనికిరాని దాని మీద సున్నంతో అడ్డగీత గీస్తే, వెనకాల వచ్చే మనుషులు దాన్ని పీకేసి కొత్తది వేస్తారు. వానల్లో కొన్ని స్లీపర్ల పక్కన ఒక రకం పుట్టగొడుగు మొలిచేదట. గొడుగులాగా కాడ మీద నిలబడదు, కట్టెలోంచి అడ్డంగా పొడుచుకొస్తుంది. అందుకే గ్యాంగు వాళ్ళు దాన్ని చెవి అనేవారట. చెవి మొలిచిన స్లీపరును కొట్టి చూసే పని కూడా లేదు, నేరుగా గీత గీసేయడమే.

ఆ నియమం ఆయనకు ఊరికే రాలేదు. ఉద్యోగంలో కొత్తగా చేరినప్పుడు, చెవి మొలిచిన స్లీపరొకటి కొట్టి చూస్తే గట్టిగానే మోగిందట. బాగుంది కదా అని వదిలేశాడు. పైన గట్టిగా ఉన్నది లోపల ఎప్పుడో పిండైపోయింది. తర్వాత దాని మీదే ఒక గూడ్సు డబ్బా పట్టా దిగింది. ఎవరికీ ఏమీ కాలేదు గానీ, ఆ రోజు నుంచి మా తాత తన చెవిని నమ్మడం మానేసి, కట్టె చెవిని నమ్మడం మొదలుపెట్టాడు. ఈ కథ మాకు ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. చెప్పినప్పుడల్లా, ఎవరూ చావలేదు బిడ్డా, అనే మాటతోనే ముగించేవాడు.

ఇక ఆపా. ఆమె కార్చోబీ పని చేసేది. నాలుగు కట్టెల చట్రానికి బట్టను డోలు చర్మంలా బిగించి, దాని మీద జరీతో, చమ్కీలతో పూలూ తీగలూ కుట్టడమన్నమాట. పత్తర్‌గట్టి నుంచి ఒక సేటు మనిషి పెళ్ళికూతుళ్ళ దుపట్టాలు తెచ్చిచ్చేవాడు. వాళ్ళ ఇల్లు ఒక్క గది, కిటికీ కూడా గోడవైపు. లోపల కూర్చుంటే సూదిలోకి దారమే ఎక్కదు. బయట ఎండలో కూర్చుంటే జరీ మెరుపు కళ్ళలో పొడుస్తుంది. అందుకని చట్రం తీసుకొచ్చి నేరేడు చెట్టు కింద పెట్టుకునేది. ఆ చెట్టు కింద వెలుతురు వేరు. ఆకుల్లోంచి వడపోసినట్టు మెత్తగా వచ్చేది. పొద్దుటి నుంచి మాపటిదాకా ఆమె అక్కడే. పండ్లు రాలే నెలలో మాత్రం బట్టకు మరక అంటుకుంటుందని కొమ్మల కింద పాత చద్దరు కట్టుకునేది. మేము పిల్లలం చెట్టెక్కి కావాలనే కొమ్మలూపేవాళ్ళం. కింది నుంచి ఆమె తిట్లు, పైనుంచి మా నవ్వులు. తిట్టీ తిట్టీ, చివరికి చద్దరులో పడిన పండ్లన్నీ గిన్నెలోకి ఎత్తి మాకే ఇచ్చేది. ఆ ఇంటికి ఆధారం ఆ చట్రమే, ఆ చట్రానికి ఆధారం ఆ నీడే.

ఒక ఏడాది కరెంటు తీగకు తగులుతోందని గోడవైపున్న పెద్ద కొమ్మనొకదాన్ని కొట్టించారు. కొమ్మ తెగిన చోట బోదెకు అంటుకుని మూరెడు మొండెం మిగిలింది. మరుసటేడు వానలకు, బోనాలు అయిపోయాక, ఆ మొండేనికి చెవులు మొలిచాయి. చిన్నవే, ఒకదాని మీద ఒకటి, మా అమ్మ గాగ్రా కుచ్చుల్లాగా. పైన బూడిదరంగు, అంచు తెల్లగా. ముందు చూసింది మా తాతే. పొద్దున పళ్ళు తోముకుంటూ తల పైకెత్తాడు. వేప పుల్ల నోట్లోనే ఉండిపోయింది.

తర్వాత లోపలికి వెళ్ళి, మంచం కిందున్న సుత్తె తీశాడు. నన్ను రమ్మన్నాడు. ఆయన చెట్టును కొడుతుంటే నేను రెండో పక్క బోదెకు చెవి ఆనించి వినాలి. చుట్టూ తిరుగుతూ మొదలు దగ్గర, నడుమ, చెయ్యి అందినంత పైన కొట్టాడు. ప్రతిచోటా గట్టిగా, నిండుగా మోగింది. నా చెంపకు ఆ అదురు తగులుతుంటే భలే అనిపించింది. గట్టిగానే ఉంది తాతా అన్నాను. ఆయనకూ అలాగే వినిపించిందని మొహమే చెబుతోంది. అయినా తల అడ్డంగా ఊపాడు.

"గట్లనే మోగుతది బిడ్డా. నాకు ఎరుకనే. చెవి మొలిచిందంటె లోపల ఖతమైనట్టే."

ఆయన భయం చెట్టు గురించి కాదు. ఆ చెట్టు కిందే పొద్దస్తమానం తల వంచుకుని కూర్చునే మనిషి గురించి. గాలివానకు అది కూలితే పడేది ఆపా మీదే, లేదా ఆమె తల్లి పడుకున్న గది మీదే. ఆపాకు తండ్రి లేడు. మా తాతను బాపు అనేది. రంజాన్ నెలలో ఇఫ్తార్ పళ్ళెం మొదట ఆయనకే వచ్చేది. కన్నబిడ్డకు జ్వరమొస్తే కంగారు పడే తండ్రిలాగా ఆయన ఆ రెండు మూడు రోజులు అన్నం కూడా సరిగా తినలేదు. మా అమ్మ, ఇంకెవరికైనా చూపించరాదా అంటే, నేను చూసింది చాలదా అని విసుక్కున్నాడు. పట్టాల మీద జీవితమంతా నడిచిన మనిషికి కట్టె గురించి ఇంకొకరు ఏం చెబుతారని మేమూ ఊరుకున్నాం.

ఒక మధ్యాహ్నం చట్రం ఎదురుగా పీట వేసుకుని కూర్చుని ఆపాకు సంగతంతా చెప్పాడు. గూడ్సు డబ్బా కథతో సహా. ఆమె సూది ఆపి వింది. తలెత్తి ఒకసారి పైకి చూసింది, ఒకసారి నా వైపు చూసింది. ఏదో అనబోయినట్టు పెదాలు కదిలాయి. నాకు బాగా గుర్తు, ఆమె చూపు కొమ్మల్లోనే కాసేపు తిరిగింది. తర్వాత దుపట్టా తల మీదికి లాక్కుని, మెల్లగా అంది.

"ఆప్ బోలే తో బస్, బాపూ."

మీరు చెప్పారంటే అంతే అని. మా తాత మొహంలో బరువు దిగిపోయింది. లేచి వెళ్ళి, సున్నం తడిపి తెచ్చి, చెట్టు బోదె మీద అడ్డంగా ఒక గీత గీశాడు.

ఇల్లుగలాయన ఈసారి మాత్రం "చూద్దాం" అనలేదు. కట్టె తనకొస్తుంది కదా, మర్నాడే కోత మనుషులను పంపాడు. వానలు తెరిపిచ్చిన రోజు అది. పైనుంచి కొమ్మలు ఒక్కొక్కటే తాళ్ళతో దించారు. వాకిలి నిండా పచ్చి ఆకు వాసన. మేము పిల్లలం కొమ్మల మధ్య దూరి ఆడుకున్నాం, మాకదో పండగ. బోదెకు రంపం పెట్టాక మాత్రం పని సాగలేదు. రంపం లాగేవాళ్ళు చెమటలు కక్కారు. వాళ్ళలో ఒకాయన, పుచ్చు చెట్టని చెప్పి ఇనుము కోయిస్తున్నారేంది అని నవ్వాడు. మా తాత నవ్వలేదు. దగ్గరికి వచ్చి రాలుతున్న పొట్టును దోసిట్లో పట్టుకుని వాసన చూశాడు.

చెట్టు పడ్డాక అందరూ మొదట చూసింది బోదె నరికిన ముఖమే. నిండుగా ఉంది. నడిమధ్య కూడా సూది దూరే సందు లేదు. నేను వేలితో రుద్దితే తడి తగిలింది. మా తాత రంపం వాళ్ళను బతిమాలి, కరెంటు తీగ కోసం కొట్టిన ఆ మొండేన్ని నిలువునా చీల్చమన్నాడు. చీల్చారు. చెవులు మొలిచిన వైపు కట్టె తెల్లగా, మెత్తగా, గోటితో గీరితే ఊడేలా ఉంది. అది మొండెం వరకే. బోదెలో కలిసే చోటికి రాగానే నల్లటి గీత ఒకటి అడ్డంగా ఉంది. ఆ గీతకు అవతల అంతా గట్టి కట్టె. చెట్టు తన చచ్చిన కొమ్మకూ తనకూ మధ్య తానే గోడ కట్టుకుంది. పుచ్చు ఆ గోడ దాటలేదు.

మా తాత ఆ చీలిక ముందు గొంతుకూర్చుని ఆ నల్ల గీత మీద వేలు పెట్టి ఇటు నుంచి అటు దాకా రాశాడు. కోత మనుషులు బీడీలు ముట్టించుకుంటూ పక్కకు జరిగారు. ఆయన ఎవరితోనూ కాదు, నాతో అన్నాడు.

"స్లీపరు సచ్చిన కట్టె బిడ్డా. గిది బతికున్న చెట్టు. రెంటికీ ఒక్కటే గీత గీసిన నేను."

అప్పుడు నాకది పూర్తిగా అర్థం కాలేదు. ఆయన కళ్ళలో నీళ్ళు చూసి భయమేసింది, అంతే. ఆపా అప్పటికి తన గుమ్మంలో నిలబడి ఉంది. చూసింది, విన్నది, లోపలికి వెళ్ళిపోయింది. కాసేపటికి చాయ్ కలిపి తెచ్చి కోత మనుషులకు, మా తాతకు ఇచ్చింది. ఆయన కప్పు పట్టుకున్నాడు గానీ తాగలేదు.

చలికాలం ఎలాగో గడిచింది. శివరాత్రి దాటాక ఎండ వాకిట్లోకి దిగింది. చెట్టు ఉన్నన్నాళ్ళూ ఆ వాకిట్లో అంత ఎండ ఉందని మాకెవరికీ తెలియదు. షాబాదు బండలు కాలిపోయేవి. ఆపా చట్రాన్ని గోడ నీడతో పాటు జరుపుకుంటూ పోయేది. నడి మధ్యాహ్నానికి గోడ నీడ కూడా మిగిలేది కాదు. మా తాత వెదురు గుంజలు పాతి, తడికలతో పందిరి వేశాడు. దాని కింద ఉక్క, పైగా వెలుతురు మసక. తడికలు పలచన చేస్తే ఎండ చారలు చారలుగా బట్ట మీద పడి కుట్టు కనబడేది కాదు. ఒక సుడిగాలికి అది కాస్తా మా పెంకుల మీద పడింది. మళ్ళీ వేశాడు. పాత చీరలు కట్టి చూశాడు. కొత్త నేరేడు మొక్క ఒకటి తెచ్చి నాటాడు, అది మా మోకాలి ఎత్తు కూడా లేదు. ఆయన ఎంత చేసినా ఆకుల్లోంచి వచ్చిన ఆ వెలుతురును మాత్రం తేలేకపోయాడు.

ఆపా లోపల దీపం పెట్టుకుని కుట్టడం మొదలుపెట్టింది. కళ్ళు ఎర్రబడి నీళ్ళు కారేవి. తెచ్చిన బట్టలు అనుకున్న రోజుకు అయ్యేవి కావు. సేటు మనిషి పెళ్ళికూతురి దుపట్టాలు తగ్గించి, అంచు కుట్టే చిల్లర పని ఇవ్వసాగాడు. ఆ ఏడు ఆమె నవ్వడం తగ్గించేసిందని నాకూ తెలిసింది. చెట్టు లేక మాకు ఎక్కడానికి కొమ్మలూ లేవు, తిట్టించుకోవడానికి ఆమె బయటా లేదు.

ఆ వానాకాలం మా తాత నన్ను వెంటేసుకుని చెట్లు చూడటానికి తిరిగాడు. మతి చెడిందా అని మా అమ్మ గొణిగేది. ఆయన చెట్టుకు మొలిచిన చెవులన్నీ వెతికేవాడు. ఎక్కడ మొలిచింది, దేని మీద మొలిచింది అని ముందు నన్నే అడిగేవాడు. ఎండిన కొమ్మ మీద, నరికిన మొండెం మీద మొలిచే పలచటివి తోలులాగా వంగుతాయి. అవి చచ్చిన దాన్ని తిని బతికేవి. ఫలక్‌నుమా పోయే దారిలో ఒక చాయ్ హోటల్ ముందున్న నిద్రగన్నేరు దగ్గర ఇంకో రకం దొరికింది. అది వేరు మొదట్లో, నేలకు ఆనుకుని ఉంది. ఎద్దు గిట్టంత మందం. పైన వార్నిష్ కొట్టిన తలుపులా గోధుమరంగు మెరుపు. అడుగు పక్క తెల్లగా ఉంటే నన్ను గోటితో గీయమన్నాడు. గీసిన చోట గీత గోధుమరంగుకు తిరిగింది. చుట్టూ గడ్డి మీద కాఫీపొడి చల్లినట్టు దుమ్ము. సుత్తె తగిలిస్తే లోపల ఖాళీ రేకు డబ్బాలా మోగింది. తల పైకెత్తితే కొసకొమ్మలు ఎండి ఉన్నాయి. చూడాల్సింది చెవినొక్కదాన్నే కాదు, అది మొలిచిన చోటు, చెట్టు మొదలు, చెట్టు తల, అన్నీ అని చెప్పాడు. ఇవన్నీ ఒక్క దిక్కే చూపించాలట, అప్పుడే గీత గీయాలట.

ఆ రోజు ఆయన గీత గీయలేదు. హోటలాయనను, అక్కడ చాయ్ తాగుతున్న వాళ్ళను పిలిచి, మీకేమనిపిస్తుంది భాయ్ అని అడిగాడు. వాళ్ళూ వంగి చూశారు, తట్టి చూశారు. ఇంతకుముందు మా తాత ఎవరినీ అలా అడగడం నేనెరగను. వాళ్ళు బెంచీలు అవతలికి జరిపించి, తామే పోయి మున్సిపాలిటీలో చెప్పుకున్నారు.

ఈ తెలివి ఆపాకు పనికిరాలేదు. మరుసటి ఎండాకాలం రాకముందే ఆమె అన్న వచ్చి, తల్లినీ ఆమెనూ తన దగ్గరికి తీసుకుపోతానన్నాడు. కార్వాన్ అవతల వాళ్ళదొక ఇరుకు ఇల్లు. వదినతో ఆమెకు పొసగదని మాకందరికీ తెలుసు. ఇన్నాళ్ళూ ఆ చట్రమే ఆమెను ఎవరి పంచన చేరకుండా నిలబెట్టింది. సామాను బండి మీద ఎక్కించారు. చట్రం కట్టెలు నాలుగూ విప్పి, తాడుతో కట్టి చివర్న పెట్టారు.

మా తాత గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. ఆమె వచ్చి ఆయన ముందు నిలబడి, వెళ్ళొస్తానంది. అప్పుడాయన రెండు చేతులూ జోడించాడు. పెద్దాయన అలా చేతులు జోడించడం చూసి ఆమె బెదిరిపోయి, ఆ చేతులు పట్టుకుని విడదీసింది. నా కోసమే కదా మీరు చెప్పింది, మీరలా చేయొద్దు అని ఉర్దూలో ఏదేదో అంది. ఆయన ఒప్పుకోలేదు. నన్ను ఒక్క మాటన్నా అను బిడ్డా అని అడిగాడు. బండివాడు తొందరపెడుతున్నాడు. చివరికి ఆమె మాతో మాట్లాడే తెలుగులో, ఏదో చిన్న విషయం గుర్తొచ్చినట్టుగా చెప్పింది.

"చెట్టు కొట్టిన ఆ సాలు కాయ మస్తు పడ్డది బాపూ. చద్దరు నిండిపోయేది. బీమారున్న చెట్టు గంత కాయ ఇస్తదా అని నా దిల్‌ల వచ్చింది. పెద్దోళ్ళను ఎట్ల అడుగుతమని ఊకున్న."

ఆమె అన్న కేకేశాడు. ఆమె నా తల నిమిరి, బండి వెనక నడిచింది. సందు మలుపు దగ్గర వాళ్ళు కనబడకుండా పోయాక, ఆయన ఖాళీ వాకిలి వైపు చూస్తూ అన్నాడు.

"నువ్వు అడుగుతే నేను నిచ్చెనేసుకోని మల్లొక్కసారి చూస్తుంటి గద బిడ్డా."

వినాల్సిన మనిషి అప్పటికే వెళ్ళిపోయింది. తర్వాత ఆయన రెండుసార్లు కార్వాన్ పోయి వెతికాడు. మొదటిసారి ఇల్లు దొరకలేదు. రెండోసారి దొరికింది గానీ వాళ్ళు అక్కడి నుంచి కూడా మారిపోయారని చెప్పారట. ఆమె మళ్ళీ చట్రం బిగించిందో లేదో మాకు తెలియలేదు. నాటిన నేరేడు మొక్క బతికింది. అది నీడనిచ్చే వేళకు మా తాత లేడు. మేమూ ఆ ఇల్లు ఖాళీ చేశాం.

పెద్దయ్యాక చదువుకుంటే తెలిసింది, జబ్బు చేసిన చెట్లు కూడా ఒక్కోసారి విరగకాస్తాయట. అంటే ఆపా అడిగి ఉంటే ఆ ప్రశ్న ఏదీ రుజువు చేసేది కాదేమో. కానీ మా తాత చెయ్యి ఆగేది. పొద్దుటి నుంచి మాపటిదాకా ఆ చెట్టు కింద కూర్చున్న మనిషి ఆమె. ఏ కొమ్మ ఎండిందో, ఏ కొమ్మ చిగిర్చిందో ఆమెకు తెలిసినట్టు మాకెవరికి తెలుసు? ఆయన అన్నీ కొట్టి చూశాడు, ఆమెను తప్ప అన్నిటినీ అడిగాడు. ఆమెకు చెప్పాడు గానీ అడగలేదు. ప్రేమ తక్కువై కాదు. ప్రేమ ఎక్కువైతే కూడా మనిషి ఎదుటివాళ్ళ మాట వినడని నాకు ఆ చీల్చిన మొండెం దగ్గర కాదు, ఆ బండి కదిలినప్పుడు తెలిసింది.

ఇప్పుడు మా ఇంట్లో పెద్దదాన్ని నేనే. పిల్లల చదువులు, పెళ్ళి మాటలు, ఇల్లు మారడాలు, అన్నీ నా ముందుకే వస్తాయి. మా కోడలు మంచి పిల్ల. నేనేం చెప్పినా, మీరెట్లంటే గట్లనే అత్తమ్మా అని తలూపుతుంది. అందరూ అది నా అదృష్టమంటారు. నాకు మాత్రం ఆ తల ఊపు చూస్తే దుపట్టా తల మీదికి లాక్కున్న ఆపా గుర్తొస్తుంది. పని పక్కన పెట్టించి, ఆమెను ఎదురుగా కూర్చోబెట్టుకుని, నీ మనసులో వచ్చింది ఏందో అది చెప్పమంటాను. ఏం లేదంటుంది. చాదస్తమని మా అబ్బాయి నవ్వుతాడు. నవ్వితే నవ్వనీ. ఆమె నోరు విప్పి ఏదో ఒకటి చెప్పేదాకా నేను ఆ సంగతిని ముట్టుకోను.